ఒంటరి బొమ్మ – ఎర్రని బొట్టు

హైదరాబాదులో పంజగుట్ట పక్కనున్న ఎర్రమంజిల్ పేరుకు రెండు అర్థాలు చెబుతారు. ఫారసీ తెలిసినవారికి అందులో ‘ఇరం’, అంటే స్వర్గవనం, వినిపిస్తుంది. తెలుగువారికి ఎరుపు వినిపిస్తుంది. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన మేడ ఒక్కటే. అర్థం వినేవారి భాషను బట్టి మారింది. చిత్రకళలో ప్రతీకల సంగతీ ఇంతేనా? చూసేవారి మనఃస్థితే బొమ్మకు అర్థమా?

తోట వైకుంఠం చిత్రాలను తీసుకుందాం. 1942లో పూర్వపు కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఈ చిత్రకారుడు తెలంగాణ పల్లె స్త్రీని ప్రధాన వస్తువుగా చేసుకున్నారు. ఆ బొమ్మల్లో ఎన్నో ఏకవ్యక్తి చిత్రాలు: నల్లని నిండైన మేను, ముదురు రంగు చీర, నుదుట పెద్ద బొట్టు. చాలా వాటిలో వెనుక ఇల్లు లేదు, పొలం లేదు, తోడు మనిషి లేదు. ఆ ముఖం చూచి ఒకరు ప్రశాంతత అంటారు, ఇంకొకరు దిగులు అంటారు. ఇద్దరూ తమ గుండెల్లోకే చూచుకొని చెబుతున్నారు.

అయితే నుదుటి ఎరుపుకు మన అభిరుచితో నిమిత్తం లేని చరిత్ర ఉంది. మన సమాజం, ముఖ్యంగా అగ్రవర్ణాలలో, భర్త పోయిన స్త్రీ నుదుట ఆ రంగును చెరిపివేసింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ పోరాటం ఈ రంగు మీది హక్కు కోసం కూడాను. కాబట్టి బొట్టును అలంకారమనడం సగం నిజమే. ఒక స్త్రీకి ఇచ్చిన గౌరవాన్నీ, మరొక స్త్రీ నుంచి లాక్కున్నదాన్నీ అది ఒకేసారి చెబుతుంది. ఆ బొమ్మ పక్కన గీయని బొమ్మ ఒకటి నిలిచి ఉంది.

చిత్రకారుడు ఇదంతా ఉద్దేశించాడా అని అడగవచ్చు. ఉద్దేశించనక్కరలేదు. 1863లో పారిస్‌లో మిలే, గుద్దలి మీద వాలిన రైతు బొమ్మను ప్రదర్శించినప్పుడు విమర్శకులు కొందరు అందులో విప్లవాన్ని చూచి బెదిరారు. తాను సోషలిస్టును కానని మిలే చెప్పుకున్నాడు. అయినా ఆ వంగిన నడుము చెప్పే సాక్ష్యం చెరగలేదు.

కనుక ఒంటరి బొమ్మ ముందు నిలిచిన ప్రేక్షకునికి రెండు బాధ్యతలున్నాయి. తన దిగులును ఆమెకు అంటగట్టరాదు. ఆమె ఒంటిమీది ప్రతి గుర్తూ ఏ జీవితంలోంచి వచ్చిందో అడగాలి. అడగనినాడు ఆమె కలవారి మేడలో గోడకు వేలాడే సామానుగానే మిగులుతుంది.