హానిచేయని ప్రాణి పట్ల మన ధర్మం

సొరచేప అనగానే మన మనస్సులో మొదట మెదిలేది భయం. కానీ ఆ కుటుంబంలోనే, సముద్రపు అడుగున ఒదిగి బతికే వెదురు సొరను చూసి భయపడవలసిన పని ఎవరికీ లేదు. భారతదేశపు తూర్పు, పశ్చిమ తీరాలు రెండింటిలోనూ కనిపించే బూడిదరంగు వెదురు సొర నిడివి సుమారు 75 సెంటీమీటర్లు. ముల్లర్, హెన్లే అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 1838లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. పగలు రాళ్ల సందులలో దాగి ఉండి, రాత్రివేళ పీతలను, రొయ్యలను, చిన్న చేపలను వెదుక్కుంటుంది. కొన్ని సొరలు నిరంతరం ఈదితే తప్ప శ్వాసించలేవు. ఇది నేలపై కదలకుండా పడుకొని, నోటితో నీటిని తీసుకొని మొప్పల మీదుగా పంపుకోగలదు.

ఇట్టి ప్రాణిని మనం 'హానిచేయనిది' అంటాము. ఎవరికి? పీతను అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. ఆ మాటలో ఉన్న కొలబద్ద మనదే. పైగా, దాని నిరపాయత్వం అహింస కాదు. హింసించగల శక్తి ఉండి, తెలిసి మానుకొన్నప్పుడే అహింస గుణమవుతుంది. వెదురు సొరకు అట్టి ఎంపిక లేదు. కనుక దాని మంచితనాన్ని బట్టి మన కర్తవ్యం నిర్ణయం కాజాలదు.

మరి దేనిని బట్టి నిర్ణయమవుతుంది? భయపెట్టేదానిని మనం గౌరవిస్తాము, ఉపయోగపడేదానిని కాపాడుకుంటాము, అబ్బురపరిచేదానికి చట్టమే చేస్తాము. మహాకాయమైన తిమింగల సొరకు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. అది సముచితమే. అయితే భయానికీ, లాభానికీ, అబ్బురానికీ అందని చిన్న ప్రాణి మన లెక్కలోకే రాదు. మరపడవలు అడుగు వల లాగినప్పుడు, కోరిన రొయ్యలతోపాటు కోరని వెదురు సొర కూడా పైకి వస్తుంది.

కానీ దాని జీవితానికి దానిదైన పక్షం ఒకటున్నది. దాని సమీప బంధువైన గోధుమ పట్టీల వెదురు సొర పిండాలపై జరిగిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. శత్రువు దరిచేరినప్పుడు కలిగే విద్యుత్ ప్రకంపనలవంటివి తగలగానే, గుడ్డులోని పిండం మొప్పల కదలికను సైతం ఆపి నిశ్చలమవుతుంది. దీనిని ఆలోచన అనలేము. అయినా, పుట్టకముందే బతుకును కాచుకొనే ప్రాణిని వట్టి వస్తువని కూడా అనలేము.

జాలరి జీవనం మాటేమిటని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనది. చేపను తినే సమాజం ధర్మభారాన్ని పట్టేవాని మీదనే మోపరాదు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిలిపివేసే నియమాన్ని భరిస్తున్నది జాలరులే. వారిని ఇంకా త్యాగం చేయమని కోరనక్కరలేదు. వెదురు సొరలు నీటి వెలుపల కొంతసేపు ప్రాణం నిలుపుకోగలవు. కనుక అక్కరలేని దానిని ప్రాణం ఉండగానే తిరిగి కడలికి విడిచే వ్యవధి సాధారణంగా ఉంటుంది. ఆ అలవాటును ప్రోత్సహించడం, అడుగు వలల ఒత్తిడిని తగ్గించడం ప్రభుత్వానికీ, వినియోగదారులకూ చెందిన బాధ్యత.

బలవంతుని గౌరవించడం జాగ్రత్త. ఉపయోగించేదానిని కాపాడడం లెక్క. మనకు కీడుగాని మేలుగాని చేయలేని ప్రాణి ఎదుట మనం ఎలా ప్రవర్తిస్తామన్నదే ధర్మానికి నిజమైన పరీక్ష.