బేర్షెబాలో కొడుకులు, బండ్లపల్లిలో మస్టరు



సమూవేలు ప్రవక్త ముసలితనంలో తన కొడుకులిద్దరినీ బేర్షెబాలో న్యాయాధిపతులుగా పెట్టాడు. అదీ మన అనంతపురంలా బావులను నమ్ముకున్న ఎండు సీమే. కొడుకులు లంచాలు మరిగారు. తండ్రి మంచివాడే, ఐనా పదవిని ఇంటి ఆస్తిలా పంచాడు! తరువాత అదే సమూవేలు జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దునైనా పట్టుకున్నానా, ఎవరి వద్దనైనా లంచం తీసుకున్నానా చెప్పండని అడిగాడు (1 సమూ 8, 12).

2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ చట్టం గ్రామసభకు సామాజిక తనిఖీ హక్కునిచ్చింది. మస్టరులోని పేర్లను ఊరి ముందు చదివి వినిపించేవారు. పనికి రాని బంధువు పేరు అందులో ఉంటే, ఎండలో మట్టి మోసిన తల్లి కూలి వాడు తిన్నట్టే.

మీ ఇంట్లో సర్పంచో వార్డు మెంబరో ఉన్నారా? పండుగకు కాంట్రాక్టరు పంపిన చీర ఎందుకొచ్చిందో పిల్లల ముందే అడగండి. తిప్పి పంపితే పలకరింపులు తెగుతాయి, నిజమే. ఐనా పంపండి.