పట్టీలో ఒక పేరు

గుంటూరు మిర్చియార్డులో అడుగుపెడితే ముందు దగ్గు వస్తుంది, ఆ తర్వాతే మాట. పదేళ్ల కిందట ఒక ఫిబ్రవరి ఉదయం మా బావమరిది సరుకు అమ్ముతుంటే తోడు వెళ్లాను. వీపు మీద టిక్కీ మోసుకుపోతున్న హమాలీ ఒకతను నన్ను చూసి ఆగాడు. బస్తా దించి, కొక్కెం నడుముకు దోపుకుని "నమస్తే మాస్టారూ" అన్నాడు. నేను గుర్తుపట్టలేదు. ఊరు చెప్పాడు, ఇంటిపేరు చెప్పాడు. ఏడో తరగతిలో ఉండగా పత్తి తీతలకు పోయి బడి మానేసిన పిల్లాడు.

"మీరు నా పేరు కొట్టేసిన రోజు నేను బడికొచ్చాను మాస్టారూ. కిటికీ పక్కన నిలబడ్డా. పేరు పిలిస్తే లోపలికొద్దామనుకున్నా."

నిష్ఠూరంగా అనలేదు. ఆ రోజు వాన పడిందన్నంత మామూలుగా చెప్పి, టీ తాగుదురుగాని రండి అని పిలిచాడు. ఆ టీ గొంతు ఎలా దిగిందో నాకే తెలుసు.

నేను రూలు తప్పలేదు. వరసగా రాని పిల్లాడి పేరు మీద ఎర్రసిరా గీత కొట్టమన్నారు, కొట్టాను. ఉద్యోగం కొత్త. హాజరుపట్టీ శుభ్రంగా ఉంచడం మంచి పంతులు లక్షణమనుకునేవాణ్ణి. పాఠం బాగా చెబితే చాలు, ఈ వృత్తికి న్యాయం చేసినట్టే అని కూడా అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోను. పాఠం రెండోది. నీకిక్కడ చోటుంది అని పిల్లాడికి తెలిసేలా చెయ్యడం మొదటిది. అది తెలియని పిల్లాడు గదిలో కూర్చున్నా కిటికీ బయట నిలబడ్డట్టే.

గురువును రైతుతో పోలుస్తుంటారు. ఎంత మంచి పోలికైనా, మిరప కల్లం చూసినవాడిగా నేను ఒకచోట ఆగిపోతాను. కల్లంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరి వేరే రాశి పోస్తారు. రంగు మారిన కాయ మంచి కాయలో కలిస్తే మొత్తానికే ధర పడిపోతుంది, రైతుకు అది తప్పదు. బడిలో తాలు ఏరే హక్కు ఎవరికీ లేదు. కానీ మా వైపు పదో తరగతి పరీక్షలూ మిరపకోతలూ ఒకే మార్చిలో వచ్చి పడతాయి. కోతకు పోయినవాణ్ణి చదువు రానివాడి కింద జమకట్టేయడం మనకెంత తేలికో! నేనూ అలా జమకట్టినవాణ్ణే.

వినుకొండ మీదుగా వెళ్లినప్పుడల్లా కవి జాషువాగారు గుర్తొస్తారు. 1895లో ఆ ప్రాంతంలోనే పుట్టారు. వినుకొండలోనే ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి ఎందుకు రానిచ్చారని అవమానించారు. అలాంటి రోజుల్లో జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు ఆయనకు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చెప్పారు. దానికి పాండిత్యం ఒక్కటే చాలదు. కాళిదాసు యక్షుడు మేఘంతో భార్యకు కబురంపాడు. 1941లో వచ్చిన జాషువాగారి 'గబ్బిలం'లో, గుడి గడప తొక్కనివ్వని పేదవాడు శివుడికి గబ్బిలంతో కబురంపాడు. మనిషిని ఆపిన గుడి గబ్బిలాన్ని ఆపదు కదా! మేఘసందేశం శ్లోకాలకు అర్థం చెబుతున్న శాస్త్రిగారు ఇదంతా ఊహించి ఉంటారా? ఆయన చేసిందల్లా పుస్తకం తెరిచి ఆ కుర్రవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకోవడం. ఆ చోటు ఇచ్చాక, అక్కడ ఏం మొలవాలన్నది గురువు చేతిలో లేదు. ఉండకూడదు కూడా.

జాషువాగారూ పంతులే. నెలకు మూడు రూపాయల జీతానికి మిషన్ బడిలో మొదలుపెట్టి, తర్వాత గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లపాటు చెప్పారు. అంటే పంతుళ్లకే పంతులు. సభలో చోటు దొరకని మనిషి దగ్గర చదువుకుని వెళ్లినవాళ్లు తమ బడుల్లో ఎందరు పిల్లల పేర్లు పిలిచి ఉంటారో అని ఆలోచిస్తుంటాను.

ఏటా సంక్రాంతి రోజుల్లో కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మా మిరప చేలల్లో దిగుతాయి. ఈ వలసను వాళ్లు సుగ్గి అంటారు. చేను గట్టున పట్టాలు కప్పిన గుడిసెలు, మూడు రాళ్ల పొయ్యి. తల్లులతోపాటు పిల్లలూ కాయ కోస్తారు. యార్డులో ఆ టీ తాగిన మరుసటి ఏడు, ఆ పిల్లల్లో కొందరిని బడికి తెచ్చుకున్నాను. మేస్త్రిని ఒప్పించడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

అందులో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని వచ్చేది, పలక జారిపోయేది. కళ్లు తుడుచుకోవాలంటే వేళ్లు తగలకుండా మోచేతి మడతతో తుడుచుకునేది. తన పేరు మొదటిసారి రాసినప్పుడు చివరి అక్షరం దగ్గర బలపం ఎంత గట్టిగా నొక్కిందంటే, రెండు ముక్కలైంది.

ఆ పేరు పట్టీలో లేదు. చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుకుని, అందరి పేర్లూ అయ్యాక పిలిచాను. ఉలిక్కిపడి లేచి గుమ్మం వైపు చూసింది, తనను తీసుకుపోవడానికి ఎవరో వచ్చారనుకుని. రెండో రోజూ అంతే. నాలుగో రోజు నేను పిలవకముందే లేచి నిలబడింది.

మార్చి ఆఖరున ఒక రాత్రి ముఠా అంతా లారీ ఎక్కి వెళ్లిపోయింది. తెల్లారి చూస్తే గట్టు మీద పొయ్యిరాళ్లూ బూడిదా ఉన్నాయి. బడికి వెళ్లి, పేర్లన్నీ పిలిచి, చివరి పేజీ తిప్పాను. రబ్బరు బల్ల మీదే ఉంది. ముట్టుకోలేదు. ఆ పేరు కూడా పిలిచాను. పిల్లలు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూసి, లేచి వెళ్లి రెండో రెక్క కూడా తెరిచి వచ్చి, ఎక్కాలు మొదలుపెట్టాను.