పెరిగిన ధర ఎవరి లెక్కలో?

లాభాలు వచ్చే రోజులలో వర్తకులందరూ ధర్మరాజులే. ముడిసరుకు ధర పెరిగి, అమ్మకపు ధర పెరగక, మధ్యన ఊపిరాడని రోజు వచ్చినప్పుడే మనిషి ధర్మం ఎంతటిదో తెలుస్తుంది. ఈ మాట నాకు గ్రంథాలు నేర్పలేదు. ఒక బట్టల సబ్బు బిళ్ళ నేర్పినది.

మా మేనల్లుడొకడు బళ్ళారిలో చిన్న కార్ఖానా పెట్టి డిటర్జెంటు బిళ్ళలు చేస్తాడు. ఒక కలుపు యంత్రం, ఒక ప్లాడరు, బిళ్ళలు కోసే బల్ల, పదిమంది పనివాండ్రు, బ్యాంకు అప్పు: ఇదీ వాని సంసారం. 2022 ఏప్రిల్‌లో ఒకనాటి రాత్రి మా యింటికి వచ్చి కూర్చున్నాడు. భోజనం సహించలేదు.

“మామయ్యా, స్లర్రీ ధర వింటే గుండె జారిపోతున్నది. సోడాయాష్ సంగతీ అంతే. పదిరూపాయల బిళ్ళను పన్నెండు చేస్తే కొట్టువాళ్ళు ముట్టుకోరు. డోలమైటు పొడి ఇంకొంచెం కలిపితే ఎవరికి తెలుస్తుందని మా భాగస్వామి అంటున్నాడు. జన్మంతా లెక్కలు చూచినవారు మీరు. ఏం చేయమంటారు?” అన్నాడు.

రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. అప్పటి నా ఆలోచననే, తరువాత తెలుసుకున్న సంగతులు చేర్చి, పాఠకుల ముందు పెడుతున్నాను.

సబ్బు అయినా, డిటర్జెంటు అయినా, తలకు రాచుకునే షాంపూ అయినా చేసే పని ఒక్కటే. వాటి అణువుకు ఒక కొన నీటిని కోరుతుంది, రెండవ కొన జిడ్డును కోరుతుంది. ఆ రెండింటి నడుమ మధ్యవర్తిగా నిలిచి మురికిని బట్టనుండి విడదీసి నీటిలోకి చేరుస్తుంది. రసాయనశాస్త్రజ్ఞులు ఇటువంటి పదార్థాలను సర్ఫాక్టెంట్లు అంటారు. మన అవ్వలు వాడిన కుంకుడుకాయలోనూ, సీకాయలోనూ ఉన్నది ఈ గుణమే.

జిడ్డును కోరే ఆ కొనను ఎక్కడనుండి తేవాలన్నదే ఈ పరిశ్రమకు ప్రాణప్రశ్న. దారులు మూడు. మొదటిది పశువుల కొవ్వు. రెండవది చెట్టు నూనె. కొబ్బరి నూనె, పామాయిలు, పామ్ గింజల నూనె ఇందులోనివి. మూడవది భూగర్భపు చమురు. కిరోసిన్ నుండి తీసిన పారఫిన్లకు బెంజీను చేర్చి ఆల్కైల్ బెంజీన్ చేస్తారు. మద్రాసు పక్కన మనలిలో దానిని తయారుచేసే కర్మాగారం ఉన్నది. ఆ ఆల్కైల్ బెంజీన్‌ను సల్ఫోనేట్ చేయగా వచ్చే చిక్కని ద్రవమే మా మేనల్లుడు చెప్పే యాసిడ్ స్లర్రీ.

ఈ మూడింటిలో ఏదీ సబ్బు చేసేవాని చేతిలో లేదు. పామ్ మొక్క నాటిన తరువాత కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఈ నెల గిరాకీ పెరిగినదని వచ్చే నెలకు గెలలు ఎక్కువ వేయదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలుకాగానే పొద్దుతిరుగుడు నూనె రావడం కష్టమై అందరి కళ్ళూ పామాయిలు మీద పడినవి. మార్చిలో మలేషియా బజారులో టన్ను 7,000 రింగిట్లు దాటినది. తన ప్రజలకే వంటనూనె అందక ఇండోనేషియా ఏప్రిల్ 28న ఎగుమతులు ఆపి, మే 23న తిరిగి వదలినది. ముడిచమురు సైతం పీపా నూరు డాలర్లు దాటినది. ఎక్కడో ఫిరంగి మ్రోగితే బళ్ళారిలో సబ్బు బిళ్ళ వణికినది. ఇందులో వాని తప్పేమీ లేదు. అయితే తప్పు లేకుండా వచ్చిన కష్టాన్ని ఎవరి నెత్తిన పెట్టాలన్న నిర్ణయం మాత్రం వానిదే. ధర్మవిచారం అక్కడ మొదలవుతుంది.

అటువంటి వేళ ఉత్పత్తిదారుకు నాలుగు మార్గాలున్నవి: ధర పెంచడం, బరువు తగ్గించడం, నాణ్యం తగ్గించడం, మరింత చవుకైన ముడిసరుకు వెదకడం. పైకి ఇవి నాలుగూ వ్యాపారపు ఎత్తుగడలు. లోపల చూస్తే ప్రతిదానిలోనూ ఎవరో ఒకరు మోస్తున్నారు.

బరువు సంగతికి ఒక పాత కథ ఉన్నది. 1906లో ఇంగ్లండులో కొవ్వులు, నూనెల ధరలు పెరిగినప్పుడు విలియం లీవర్ తన పదహారు ఔన్సుల సబ్బును పదిహేను ఔన్సులు చేశాడు. ధర మార్చలేదు. అదే సమయంలో పెద్ద సబ్బు కంపెనీలు జట్టు కట్టబోవడంతో డెయిలీ మెయిల్ పత్రిక విరుచుకుపడినది. పదహారు ఔన్సులనుకొని పదిహేను కొంటున్న పేద యిల్లాలి మాట ఊరూరా పాకినది. ఆ యేడే జట్టు విడిపోయింది. లీవర్ పరువునష్టం దావా వేసి 1907లో ఆ పత్రికనుండి 50,000 పౌన్లు రాబట్టాడు. న్యాయస్థానంలో ఆయనదే గెలుపు. కాని ఒక ఔన్సు ప్రశ్న మిగిలిపోయింది. చట్టం ఒప్పిన పనినంతా కొనేవాని మనసు ఒప్పుతుందా?

శ్రావకుల అస్తేయవ్రతానికి చెప్పిన అతిచారాలలో తప్పుడు తూనికలు, కొలతలు ఒకటి. మేలు సరుకులో నాసి సరుకు కలిపి మేలుదిగా అమ్మడం మరొకటి. పెద్దలు వీటిని అసత్యంలో చేర్చలేదు, దొంగతనంలో చేర్చారు. ఆలోచిస్తే ఎంత నిజం! బిళ్ళలో పొడి ఎక్కువ కలిపినవాడు ఒకరి జేబులో చేయి పెట్టలేదు. అయినా కొన్న మనిషి ఇంటికి వెళ్ళి రెండు రుద్దులకు బదులు నాలుగు రుద్దులు రుద్దుతున్నది. ఆ రెండు రుద్దుల శ్రమ దొంగిలించబడినది. స్నానపు సబ్బుకు మొత్తం కొవ్వు పదార్థం మొదటి తరగతిలో 76 శాతం, మూడవ తరగతిలో 60 శాతం ఉండాలని, స్నానపు బారు అనబడేదానిలో 40 శాతం ఉన్నా చాలునని మన ప్రమాణాలు చెబుతున్నవి. తక్కువ తరగతి సబ్బు చేయడం నేరం కాదు. అడగనివానికి తెలియకుండా పై తరగతి వేషం వేయించడంలోనే దోషమంతా ఉన్నది.

ఇక నాలుగవ మార్గం అన్నిటికంటె లోతైనది. ఆ లీవరే చవుకైన నూనె కోసం 1911లో బెల్జియం పాలనలోని కాంగోకు వెళ్ళి విశాలమైన పామ్ అడవులపై హక్కు సంపాదించాడు. గెలలు కోయడానికి అక్కడివారిచేత బలవంతపు చాకిరీ చేయించిన సంగతిని తరువాతి చరిత్రకారులు గ్రంథస్థం చేశారు. లోకమంతా ఆర్థికమాంద్యంలో పడి నూనె ధర పతనమైనప్పుడు గెలలు కోసేవారికిచ్చే డబ్బు తగ్గించారు. పన్ను మాత్రం వదలలేదు. 1931లో పెండే జాతివారు తిరగబడ్డారు; వందలాదిమంది ప్రాణాలు పోయినవి. ధర పెరిగినప్పుడు బరువు కొనేవానికి తగ్గినది, ధర తగ్గినప్పుడు కూలి కోసేవానికి తగ్గినది. మధ్యనున్నవాని పళ్ళెం మాత్రం నిండుగానే ఉండాలన్న పట్టుదల రెండుచోట్లా ఒకటే.

మన దేశంలోనూ సబ్బుకు చాలాకాలం పశువుల కొవ్వు దిగుమతి అయ్యేది. వనస్పతిలో ఆ కొవ్వు కలుపుతున్నారని అలజడి రేగి 1983లో దిగుమతిని నిషేధించారు. మనవంటివారు అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. సబ్బు చెట్టునూనెదైతే చాలు, చేతులు శుభ్రమైనవని అనుకున్నాము. నేనూ అలాగే అనుకున్నాను. కాని 2015లో ఇండోనేషియాలో అడవులు, బురదనేలలు ఇరవై ఆరు లక్షల హెక్టార్లు తగులబడినవి. తోటలకోసం బురదనేలలలో కాలువలు త్రవ్వి నీరు తీసివేయడం, నరికిన అడవికి నిప్పుపెట్టడం ఆ మంటలకు పెద్ద కారణాలు. శ్రావకులు మానుకోవలసిన పదిహేను కర్మాదానాలలో అడవికి నిప్పుపెట్టడం ఒకటి, సరస్సులు చెరువులు ఎండగట్టడం ఒకటి. ఎంతో పూర్వం వ్రాసినవారు పామాయిలును ఎరుగరు. అయినా ఆ రెండు మాటలూ ఆ నేలమీద అక్షరాలా జరిగినవి. ఆ మంటలలో మాడిన జీవులను లెక్కించినవారెవరు? ‘శాకాహార’మని అట్టమీద ఉన్న ఆకుపచ్చ గుర్తు ఈ సంగతి చెప్పదు.

అయితే చెట్టునూనె మాని భూగర్భపు చమురుకే పోదామా? దానికీ ఒక కథ ఉన్నది. యుద్ధానంతరం పడమటి దేశాలలో వాడిన మొదటి తరపు డిటర్జెంట్లను సూక్ష్మజీవులు జీర్ణించుకోలేకపోయినవి. నదులమీద నురుగు కొండలుగా తేలినది. పశ్చిమజర్మనీ 1961లో చట్టం చేసినది. అమెరికా పరిశ్రమ 1965లో తేలికగా విరిగే రకానికి మారినది. నేటి స్లర్రీ ఆ మార్పు ఫలితమే. నది పడిన బాధ అంతవరకు ఏ కంపెనీ ఖాతాలోనూ ఖర్చుగా పడలేదు.

కాబట్టి పాపం అంటని ముడిసరుకంటూ లేదు. ఈ మాట విని కొందరు, “అన్నీ దోషమే అయినప్పుడు ఇక విచారమెందుకు? చవుకైనది కొనుక్కుందాం” అంటారు. ఇది సోమరి తర్కం. గృహస్థుకు సంపూర్ణ అహింస సాధ్యం కాదని ఎరిగే పెద్దలు అణువ్రతాలు విధించారు. పూర్తిగా మానలేకపోవడం తగ్గించకపోవడానికి సాకు కాదు. నూనె ఏ తోటనుండి వచ్చినదని అడిగే కొనుగోలుదారుంటే, ఆ తోట ఏ అడవిని మ్రింగినదో చెప్పవలసిన అవసరం అమ్మేవానికి కలుగుతుంది. అడగనంతకాలం చవుకే రాజు.

“పోటీదారు మోసం చేస్తుంటే నేనొక్కడినే నిజాయితీగా ఉండి పదిమంది పనివాండ్రను వీధిలో పెట్టనా?” అని మరికొందరంటారు. ఇది నిజమైన బాధ, తేలికగా కొట్టివేయరాదు. మా మేనల్లుని ప్రశ్న కూడా ఇదే. దీనికి నాకు తోచిన సమాధానం ఒక్కటి. ధర పెరగడం దోషం కాదు. పెరిగినదానిని చాటుగా మరొకరి వీపున పెట్టడం దోషం. బహిరంగంగా పెడితే అతడు వద్దనగలడు. చాటున పెడితే వద్దనే హక్కునే హరించినట్లు.

మరునాడు వానితో చెప్పాను: “పొడి కలపవద్దు. పదిరూపాయల నాణెంతోనే వచ్చే కూలివారు నీ ఖాతాదారులు గనుక బరువు తగ్గించు. తగ్గించినానని అట్టమీద ముందుభాగాన, కనపడేటట్లు వ్రాయి.” వాడు నావంక పిచ్చివానివంక చూచినట్లు చూచాడు. అయినా చేశాడు. 200 గ్రాముల బిళ్ళ 170 గ్రాములైనది. ‘బరువు తగ్గినది’ అని కన్నడంలోనూ తెలుగులోనూ అచ్చు వేయించాడు. భాగస్వామి అలిగి తన వాటా తీసుకొని వెళ్ళిపోయాడు. ఇరవై దాకా కొట్లు సరుకు మానివేసినవి. మూడు నెలలు వాడు ఇంటిఖర్చుకు చిల్లిగవ్వ తీసుకోలేదు. పనివాండ్ర జీతాలు మాత్రం ఆపలేదు.

అసలు పరీక్ష తరువాత వచ్చినది. ఆ యేడు చివరకు ముడిసరుకుల ధరలు దిగినవి. 170 గ్రాములకు జనం అలవాటు పడ్డారు, ఎవరూ అడగడంలేదు. ధర ఎక్కేటప్పుడు గుర్రంమీద ఎక్కుతుంది, దిగేటప్పుడు కుంటికాలితో దిగుతుంది. లోకమంతటా వర్తకుల పద్ధతి ఇదే. “ఏం చేస్తావురా?” అని అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “మామయ్యా, పూర్తిగా 200 చేయలేను, అప్పు ఉన్నది. 185 చేస్తాను. అదీ అట్టమీద వ్రాస్తాను” అన్నాడు. మిగిలిన పదిహేను గ్రాములు న్యాయమా, లోభమా? ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. కాని తూచి చెప్పడానికి ఆ అంకె నాకు దొరికినది; దాచి ఉంటే దొరికేది కాదు.

ఇక కొనే మనకు విధి ఏమీ లేదా? ఉన్నది. 2021లో సవరించిన నియమాల ప్రకారం పొట్లాం మీద గ్రాముకో కిలోకో ధర ఎంతో వేయాలి. దానిని చదవడం మన పని. నురుగు ఎక్కువైతే మురికి ఎక్కువ పోతుందన్నది భ్రమ. సగం పొడితో ఉతికే బట్టకు గుప్పెడు పోయడం అపరిగ్రహం కాదు. మనం మానిన ప్రతి గుప్పెడూ ఎక్కడో ఒక చెట్టుకు, ఒక చెరువుకు, ఒక కూలివాని వీపుకు కొంత బరువు తగ్గిస్తుంది.

బట్ట మురికి వదలించే సరుకును చేతులు మురికి చేసుకొని తయారుచేయడం కంటె వింత ఏమున్నది? మన కుటుంబాలలో దుకాణాలు, కార్ఖానాలు నడిపేవారు ఎందరో ఉన్నారు. ముడిసరుకు ధర పెరిగిన రోజున ఖాతాపుస్తకం మూసేముందు ఒక్క పంక్తి అదనంగా వ్రాసుకొనవలెనని వారికి నా మనవి: ఈ భారం నేను ఎవరి లెక్కలో వేశాను, ఆ సంగతి వారికి తెలుసునా?