అప్పు ఎంతదాకా ధర్మం?

తీసుకున్న అప్పు తీర్చాలి. ఈ మాటకు అరకు సంతలోనైనా, అనకాపల్లి బజారులోనైనా ఎదురు చెప్పేవాళ్లు ఉండరు. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్నతోనే. తీర్చడానికి చేతిలో ఏమీ మిగలనప్పుడు మనిషి ఏమివ్వాలి? భూమినా, ఇంటినా, కొడుకునా, చివరికి తననా? తూర్పు కనుమల్లో ఒకప్పుడు వీటిలో ఏదీ మిగలకుండా ఇచ్చుకున్నారు.

పాడేరు, అరకు కొండల నుంచి కొరాపుట్ దాకా 'గోతి' అనే పద్ధతి నడిచింది. పెళ్లి ఖర్చుకో, చావు ఖర్చుకో, అటవీ సిబ్బంది వేసిన జరిమానాకో షావుకారు దగ్గర కొద్దిపాటి సొమ్ము తీసుకున్నవాడు అది తీరేదాకా అతని పొలంలో చాకిరీ చెయ్యాలి. చేసిన చాకిరీ వడ్డీలోకే పోయేది, అసలు కదిలేది కాదు. తండ్రి కాలం చేస్తే ఆ చాకిరీ కొడుకు మీద పడేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది కాబట్టి ఇది రెండు వైపులా ఒకే కథ. గోపీనాథ్ మహంతి 1945లో ప్రచురించిన ఒడియా నవల 'పరజా' ఈ కథనే చెప్పింది. అందులో సుక్రు జాని కుటుంబం జరిమానా కట్టడానికి అప్పు చేస్తుంది. ఆ అప్పు తండ్రినీ కొడుకులనూ గోతులుగా, అంటే చాకిరీకి కట్టుబడ్డవారిగా మారుస్తుంది, భూమి షావుకారు చేతిలోకి పోతుంది.

మైదానంలోని తెలుగువాళ్లకు ఇలాంటి కథ కొత్తేమీ కాదు. విశ్వామిత్రుడికి బాకీపడ్డ హరిశ్చంద్రుడు కాశీలో ఆలుబిడ్డలను అమ్మి, తానూ కాటికాపరికి అమ్ముడుపోయిన కథను తరతరాలుగా రాత్రంతా మేల్కొని చూశారు, కన్నీళ్లు పెట్టుకున్నారు. మాట తప్పనివాడిగా అతన్ని కొలిచారు. కొలవడం సబబే. కానీ లోహితాస్యుడనే పసివాణ్ని అంగట్లో నిలబెట్టిన ఆ వసూలు న్యాయమా అన్న ప్రశ్న అంత గట్టిగా వినిపించలేదు. పురాణంలో అది పరీక్ష. చివరికి దేవతలు దిగివచ్చి రాజ్యాన్నీ బిడ్డనూ తిరిగి ఇస్తారు. గోతి కోసం ఏ దేవతా దిగిరాలేదు.

శాస్త్రాలు మాత్రం ఆ ప్రశ్నను వదిలేయలేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమని చెప్పిన ధర్మశాస్త్రాలే, జూదానికీ తాగుడుకూ చేసిన అప్పు కొడుకును అంటదన్నాయి. ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదని మనుస్మృతి కట్టడి పెట్టింది. ఏడో ఏట అప్పు వదిలేయాలనీ, యాభయ్యో ఏట అమ్ముడుపోయిన భూమి సొంతదారుడికి తిరిగి రావాలనీ బైబిలు పాత నిబంధన చెప్పింది. బాకీదారు ఇబ్బందిలో ఉంటే చేతికి డబ్బు ఆడేదాకా గడువివ్వమనీ, వదిలేస్తే ఇంకా మేలనీ ఖురాన్ చెప్పింది. తీర్చేవాడికి ఒక ధర్మం ఉంటే అడిగేవాడికీ ఒకటి ఉందని ఇవన్నీ ఒప్పుకున్నాయి. మొదటిది ఇంటింటా నిలిచింది. రెండోది గ్రంథాల్లో ఉండిపోయింది.

కొండల్లో ఋణభావన లేక కాదు. కొత్త పండుగలో కందులైనా మామిడైనా తొలి పంట దేవతలకూ పెద్దలకూ పెట్టందే నోట పెట్టరు. నేలకూ పూర్వికులకూ తాము బాకీ ఉన్నామన్న ఎరుక అందులో ఉంది. ఆ బాకీ పంటలో కొంత ఇస్తే తీరుతుంది, దానికి జప్తు లేదు.

జప్తు మైదానం నుంచి వచ్చింది. 1879 రంప తిరుగుబాటుకు కల్లు మీద వేసిన చిగురుపన్ను ఒక కారణమైతే, కోర్టు డిక్రీలు మరొకటి. మైదానపు వర్తకులు గిరిజనులతో ఒప్పందాలు రాయించుకుని, వాళ్లు కోర్టుకు రాలేనప్పుడు ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకుని, పశువులనూ సామగ్రినీ పట్టుకుపోయేవారు. పన్ను అడిగిన సర్కారు, అప్పు అడిగిన షావుకారు ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు.

ఆ తర్వాతే చట్టం నెమ్మదిగా గీతలు గీసింది. 1917 ఏజెన్సీ చట్టం కొండజాతివారి అప్పుపై ఏటా నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ కుదరదంది, మొత్తం వడ్డీ అసలును దాటకూడదంది. వారి భూమి గిరిజనేతరుల పాలు కాకుండా అడ్డుకట్ట వేసింది. 1940లో మద్రాసు ప్రభుత్వం అప్పు కింద సాగే చాకిరీని రద్దు చేస్తూ నిబంధన తెచ్చింది. 1959 భూ బదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి సవరణ '1/70' వచ్చాక ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు దక్కే దారి చట్టంలో మూసుకుపోయింది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చాకిరీతో ముడిపడ్డ అప్పునే చెల్లనిదిగా చేసింది. విముక్తుడైన మనిషిని ఉంటున్న ఇంటి నుంచి వెళ్లగొట్టకూడదని కూడా రాసింది.

వీటన్నిటి సారం ఒకటే. అప్పు నిజమే, తీర్చడమూ ధర్మమే. కానీ మనిషి ఒళ్లు, అతను నిలబడే నేల, తలదాచుకునే గూడు తాకట్టు వస్తువులు కావు.

ఇలా హద్దులు పెడితే పేదవాడికి అప్పెవరిస్తారన్న అభ్యంతరం ఉంది. అది తీసిపారేసేది కాదు. విశాఖ కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది అందుకే. అటవీ ఉత్పత్తులు కొని, నిత్యావసరాలు అమ్మి, పంట రుణాలిచ్చి షావుకారు అవసరం తగ్గించాలన్నది దాని ఉద్దేశం. అలాంటి ఏర్పాటు బలంగా లేనిచోట పంట చేతికి రాకముందే బయానా ఇచ్చి ధర తానే కట్టే వ్యాపారి పాత షావుకారు చోటులోకి వస్తాడు.

మైదానంలో చితికిపోయినవాడు 'ఐపీ పెట్టాడు' అంటే ఊరు చిన్నచూపు చూస్తుంది. ఆ దివాలా దరఖాస్తుకు ఆధారం 1920 నాటి చట్టం. కోర్టు విముక్తి ఇచ్చినా సర్కారు బాకీ మాత్రం దాని కింద పోదు. ఇతరుల అప్పు వదిలించే రాజ్యం తన పన్ను దగ్గరికొచ్చేసరికి షావుకారైపోతుంది. రైతు, కూలీ కాపురముండే ఇంటిని డిక్రీ కింద జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెప్పడం కొంత ఊరట.

2016 దివాలా కోడ్ అతి పేదలకు 'కొత్త ఆరంభం' అనే మార్గం రాసింది. ఏడాది ఆదాయం 60,000 రూపాయలు, ఆస్తి 20,000, అప్పు 35,000 దాటనివారికి బాకీ మాఫీ అవుతుంది. అయితే సొంత ఇల్లు ఉండకూడదు. అరకులో మట్టిగోడలు లేపుకుని బతికే మనిషి ఆ ఒక్క షరతుతోనే బయట ఆగిపోతాడు. పైగా వ్యక్తులకు చెందిన ఈ భాగం 2019 డిసెంబరులో కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారికి మాత్రమే అమలులోకి వచ్చింది.

మట్టిల్లున్న పేదవాణ్ని ఇల్లున్నవాడిగా లెక్కగట్టే ఆ షరతు తీసేసి, 'కొత్త ఆరంభం' అధ్యాయాన్ని అమలులో పెట్టాలని పార్లమెంటులో గట్టిగా అడగవలసింది అరకు వంటి నియోజకవర్గాల ప్రతినిధులే. అడగమని వారిని నిలదీయవలసింది ఓటర్లు.