విద్య నడుమ జీవిక

చదువు పూర్తికాకమునుపే ఉద్యోగమునకు పోవుట ధర్మమా, కాదా యను ప్రశ్న నేడు తిరుపతి, చిత్తూరు ప్రాంతములలోని అనేక గృహములలో వినవచ్చుచున్నది. పూర్వము ఈ ప్రశ్న ఇంతగా పుట్టెడిది కాదు. చదువు మానినవాడు పొలమునకో, అంగడికో పోయెడివాడు. చదివినవాడు మదరాసుకో, బెంగుళూరుకో పోయెడివాడు. ఇప్పుడు శ్రీసిటీలోను, రేణిగుంట పరిసరములలోను కర్మాగారములు వెలసినవి. డిగ్రీ నడుమనున్న పిల్లలకు గూడ అచ్చట పని దొరకుచున్నది. జీతము వాకిట నిలిచి పిలుచుచుండగా, పట్టము ఇంకను ఒకటి రెండేండ్ల దూరమున నున్నది.

ఒక కుటుంబము ననుకొందము. పాకాల దాపున మూడెకరముల మెట్టభూమి. బోరు ఎండినది. వేరుశనగ వరుసగా రెండేండ్లు దెబ్బతిన్నది. రెండావుల పాలమీద ఇల్లు గడచుచున్నది. పెద్దకుమారుడు తిరుపతిలో డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నాడు. కుమార్తె ఇంటర్మీడియటులో నున్నది. తండ్రి చేసిన అప్పునకు వడ్డీ పెరుగుచున్నది. అట్టి సమయమున కుమారునికి కర్మాగారమునుండి పిలుపు వచ్చినది. తల్లి "చదువు మానవద్దు నాయనా" అనును. తండ్రి ఏమియు ననడు. ఆ మౌనమే పిల్లవానిని ఎక్కువగా బాధించును. ఇట్టి ఇండ్లు మన ప్రాంతమున అరుదు కావు గనుక ఇది వాదము కొరకు చేయు విచారము కాదు.

చదువు నడుమ విడుచుట మహాదోషమని తొందరపడి చెప్పువారు మనుస్మృతి తృతీయాధ్యాయము నొకసారి తెరచి చూడవలెను. మూడు వేదములను గురుకులమున అభ్యసించుటకు అందు 36 సంవత్సరములు విధింపబడినవి. వెంటనే అందులో సగము, అనగా 18 సంవత్సరములు. లేదా నాలుగవ పాలు, అనగా 9 సంవత్సరములు. అదియు కాదేని విద్యను గ్రహించునంతవరకు, అని వికల్పములు చెప్పబడినవి. 36 ఏండ్లని కట్టడి చేసిన శాస్త్రమే క్రమముగా దిగివచ్చి, కడకు సంవత్సరముల లెక్కనే విడిచిపెట్టినది. అందరి బుద్ధియు, అందరి ఇల్లును ఒక్కతీరున నుండవని స్మృతికర్తకు తెలియును. అయితే ఈ సడలింపు కాలమునకే గాని గ్రహణమునకు గాదు. సోమరి ఈ మాటను పట్టుకొని పుస్తకము మూయుటకు వీలులేదు.

మన విశ్వవిద్యాలయములు పట్టములిచ్చు వేడుకను స్నాతకోత్సవమని పిలుచుచున్నారు. ఈ స్నాతకుడెవడు? విద్య ముగించి సమావర్తనమున మంగళస్నానము చేసి ఇంటికి మరలువాడు. పారస్కర గృహ్యసూత్రము స్నాతకులు మూడు విధములవారని చెప్పినది. వేదము ముగించియు వ్రతకాలము ముగింపనివాడు విద్యాస్నాతకుడు. వ్రతకాలము ముగించియు వేదము ముగింపనివాడు వ్రతస్నాతకుడు. రెండును ముగించినవాడు విద్యావ్రతస్నాతకుడు. ఈ విభాగము ఎంత లోతుగా చేసినదో నేటి కళాశాలలను చూచినచో తెలియును. మూడేండ్లు గడిపి, హాజరు సరిపెట్టి, పరీక్షలకు పది దినములకు ముందు ప్రశ్నోత్తరముల పుస్తకమును వల్లెవేసి పట్టము పొందినవాడు ఈ లెక్కలో వ్రతస్నాతకుడే. వ్రతమైనను సరిగా చేసెనా యనునది వేరు మాట. వాడు చదువు పూర్తి చేసెననియు, రెండేండ్లు శ్రద్ధగా చదివి ఇంటి కష్టముచేత పనికి పోయినవాడు చదువు చెడగొట్టుకొనెననియు లోకము తీర్పు చెప్పుచున్నది. శాస్త్రము అట్లు చెప్పదు.

ఛాందోగ్యమున శ్వేతకేతువు 12 ఏండ్లు గురుకులమున నుండి, 24వ ఏట సకలము తెలిసినవానివలె గర్వముతో ఇంటికి వచ్చెను. తండ్రి ఉద్దాలకుడు వేసిన ఒక్క ప్రశ్నకు నిలువలేక పోయెను. అదే ఉపనిషత్తున సత్యకాముని కథ కలదు. ఆచార్యుడు 400 బక్కచిక్కిన ఆవులనిచ్చి మేపుకొని రమ్మనెను. అవి వేయి అగునంతవరకు రానని ఆ బాలుడు పూని అడవికి పోయెను. ఏండ్లు గడచెను. వృషభము, అగ్ని, హంస, నీటికాకి ఆయనకు బ్రహ్మవిద్యను బోధించెను. పనియే పాఠమాయెను. ఇంతవరకు అందరును చెప్పుదురు. ఆ పిమ్మట జరిగినది గూడ గమనింపవలెను. ముఖమున బ్రహ్మతేజము వెలుగుచుండగా తిరిగి వచ్చిన సత్యకాముడు, ఆచార్యుని నోట విన్న విద్యయే శ్రేష్ఠమగునని, తనకు మరల బోధింపుమని గురువును ప్రార్థించెను. పని నేర్పినదంతయు నేర్చియు మరల గురువునొద్దకు వచ్చినాడు.

ఇక కుటుంబపోషణ. వృద్ధులగు తల్లిదండ్రులను, పసిబిడ్డలను ఎట్లైనను పోషింపవలసినదేయని ధర్మశాస్త్రములు ముక్తకంఠముగా చెప్పుచున్నవి. కావున తల్లిదండ్రులకు అన్నము లేని స్థితిలో కుమారుడు కళాశాల విడిచి పనికి పోయినచో వానిని నిందించు అధికారము ఎవరికిని లేదు. చిక్కు అచ్చట కాదు. మన మనస్సు మనకే చెప్పు సాకులయందున్నది. కురుక్షేత్రమున అర్జునుడు పలికిన మాటలన్నియు శాస్త్రసమ్మతములుగనే తోచును. కులధర్మము, గురుజనులయెడ గౌరవము, భిక్షాటనమైనను మేలను వైరాగ్యము, అన్నియు నందున్నవి. భగవానుడు మాత్రము ఆ మాటల వెనుకనున్న హృదయదౌర్బల్యమును చూచెను. మన పిల్లవాడును తన్ను తానొక ప్రశ్న అడుగుకొనవలెను: "బోరులో నీరుండినను నేను చదువు మానెడివాడనేనా?" గణితము అంతుపట్టక, ఆంగ్లము భయపెట్టి, తోటివారి చేతిలోని క్రొత్త ఫోనును, మోటారుసైకిలును చూచి మనస్సు లాగుచున్నచో, ఇంటి కష్టమును దానికి ముసుగుగా వేయరాదు.

తల్లిదండ్రులు గూడ ఒక ప్రశ్న వేసికొనవలసి యున్నది. ఆ అప్పు దేనికి చేసినది? బోరునకో, వైద్యమునకో చేసినదైనచో అది విధి. శక్తికి మించి కల్యాణమండపము కట్టించుకొని, వేయిమందికి వడ్డించి, ఊరివారి మెప్పుకొరకు చేసిన అప్పైనచో, దానిని కుమారుని చదువుతో తీర్చుట న్యాయము కాదని నా అభిప్రాయము. ఈ మాట కొందరికి కటువుగా నుండవచ్చును. అదేవిధముగా, అన్న చదువు సాగుటకై చెల్లెలి చదువు మాన్పించుట మన ప్రాంతమున వినని సంగతి కాదు. ఆ యింట కష్టమును పంచుకొను క్రమమును నిర్ణయించునప్పుడు ఆ బాలికను గూడ కూర్చుండబెట్టి అడుగవలెను.

విద్యకు వయస్సు దాటిపోవునను భయము గృహస్థులలో మెండు. తిరుపతి క్షేత్రమున నివసించువారు ఇట్లు భయపడుట ఆశ్చర్యము. భగవద్రామానుజులు శ్రీరంగమున ఆచార్యపీఠమును అలంకరించిన పిమ్మట ఇచ్చటికి వేంచేసి, మేనమామయగు తిరుమలనంబిగారి సన్నిధిని ఒక సంవత్సరము విద్యార్థియై శ్రీమద్రామాయణ రహస్యార్థములను సేవించిరి. ఎందరికో గురువైనవాడు మరల శిష్యుడాయెను. ఆ నంబిగారు మాత్రము విశ్రాంతిగా కూర్చున్న పండితులా? పాపవినాశనమునుండి స్వామికి తీర్థము మోసికొని వచ్చు కైంకర్యము ఆయనది. ఆ కైంకర్యము నెరవేర్చుచునే శిష్యునికి పాఠము చెప్పిరి. భుజమున నీటికుండ, నాలుకపై రామాయణము. శ్రమయు విద్యయు ఒకదానికొకటి శత్రువులని తలచువారు ఈ కొండ త్రోవలో నడచునపుడు నంబిగారిని స్మరింతురుగాక.

ఇటీవలి కాలమున ఒకరి జీవితము ఇందులకు చక్కగా సరిపోవును. గిడుగు వేంకట రామమూర్తిగారు 1863లో జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించెను. మెట్రిక్యులేషను కాగానే పై చదువునకు పోవు వీలులేక, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. అప్పటికి వయస్సు పదునేడేండ్లు. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి పట్టభద్రులైరి. అంతటితో ఆగలేదు. ఆ యూరి చుట్టునున్న కొండలలోని సవరల భాషను నేర్చి, వారికి బడులు పెట్టించి, 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ఉద్యోగమునకై ఆ యూరికి పోకున్నచో ఆ విద్యయే ఆయనకు దొరకెడిది కాదు. నేను ఇప్పుడు వ్రాయుచున్న ఈ గ్రాంథికభాషను ఆయన దశాబ్దులపాటు ఎదిరించిరి. ఆ వాదమున నేను ఆయన పక్షము కాను. అయినను చదువునందు ఆయనకున్న పట్టుదలకు నమస్కరింపకుండుట నావల్ల కాదు.

కాని అందరును గిడుగువారు కాలేరు. ఇది చెప్పకుండ ఆయన కథ మాత్రము చెప్పుట పిల్లలను మోసగించుటయే. కర్మాగారమున రాత్రి పాళీ చేసి తెల్లవారి గదికి వచ్చినవానికి పుస్తకము తెరచుటకు కన్నులు సహకరింపవు. ఒక సంవత్సరము గడచిన, చదివినది మరుగున పడును; రెండు గడచిన, చదివితినను మాటయే మరుగున పడును. కావున "తరువాత చూచుకొందము" అను సంకల్పము చాలదు. మరల చేరుటకు త్రోవ, గడువు, రుసుము ముందుగనే ఏర్పరచుకొనవలెను. నేడు అట్టి త్రోవలు పూర్వముకంటె ఎక్కువ. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము డిగ్రీ మొదటి సంవత్సరము ముగించి వెడలువానికి సర్టిఫికేటును, రెండవది ముగించినవానికి డిప్లొమాను ఇచ్చుటకు వీలు కల్పించినది. 2021లో వచ్చిన క్రెడిట్ల నిధి పద్ధతియందు విద్యార్థి ఆర్జించిన క్రెడిట్లు గరిష్ఠముగా ఏడేండ్లు నిలువయుండును. తాను చేరిన కళాశాల ఈ పద్ధతిని అనుసరించుచున్నదేమో విచారించుట విద్యార్థి మొదటి పని.

మనమనుకొన్న పిల్లవాడు రెండవ సంవత్సరము నడుమ విడిచినచో ఆ యేడు చేసిన కృషి వ్యర్థమగును. పరీక్షలు వ్రాసి విడిచినచో చేతికి కొంత దక్కును. ఆ నాలుగైదు నెలలు ఉద్యోగము ఆగునా? అడిగి చూచుటలో తప్పులేదు. ఆగనిచో ఆ నెలల వడ్డీ ఎవరు కట్టుదురు? ఇచ్చట బంధువులు, ఊరి గృహస్థులు, దూరమునుండి స్వామిని సేవింపవచ్చు భక్తులు ఆలోచింపవలసినది కలదు. తిరుపతిలో 1945లో శ్రీవేంకటేశ్వర కళాశాల వెలసినది దేవస్థానము చేతులమీదుగనే. భక్తులు మ్రొక్కుబడిగా సమర్పించిన ధనమే అక్కడ తరగతిగదులై నిలిచినది. ఆ గోడలలో మీ తాతగారు కట్టిన ముడుపు గూడ నుండవచ్చును. గోడలు కట్టించిన భక్తి, ఆ గోడల నడుమ కూర్చున్న పిల్లవాని నాలుగు నెలల వడ్డీకి ఎందుకు చాలదు?

అన్నియు విచారించిన పిమ్మటను పోవుటయే నిశ్చయమైనచో, పోవు పద్ధతి యొకటి కలదు. స్నాతకుడు గురువు అనుమతితోనే స్నానము చేయవలెనని స్మృతి విధించినది. నేడు అనేకులు ఒకనాటినుండి తరగతికి రాకుండుటయే వీడుకోలుగా చేయుచున్నారు. హాజరుపట్టీలో కొన్నాళ్లు పేరు పిలువబడి, పిమ్మట కొట్టివేయబడును. అట్లు కాక, అధ్యాపకులను ఒక్కొక్కరిని కలిసి కారణము చెప్పి, ఏ గ్రంథములు వెంట తీసికొని పోవలెనో అడిగి, ధ్రువపత్రములు సరిచూచుకొని నమస్కరించి సెలవు తీసికొనవలెను. ఆనాడు తండ్రి గూడ కళాశాలకు పోవలెను. అంతవరకు ఇంట మౌనముగా నున్నవాడు, కుమారుని గురువుల యెదుట నోరు తెరచి, ఏ సంవత్సరము ఏ నెలలో వానిని మరల అచ్చటికి పంపునో చెప్పి రావలెను.