గంప తలకెత్తేదెవరు?



మీలో ఎంతమంది కాలినడకన మొక్కు తీర్చుకున్నారో నాకు తెలియదు. తీర్చుకున్నవారికి మాత్రం ఒక సంగతి చెప్పనక్కరలేదు. మొదటి రోజు మనం నడుస్తాం. రెండో రోజు పాదాలు నడుస్తాయి, మనం ఏడుస్తాం. నాలుగో రోజు నుంచి మొక్కే మనల్ని నడిపిస్తుంది. అయితే ఆ మొక్కే మన కళ్లకు గంతలు కట్టే రోజు కూడా ఒకటి వస్తుంది. ఆ రోజు గురించే ఈ వారం మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

కొన్నేళ్ల కిందట షాబాద్ నుంచి విజయవాడ గుణదల మాత కొండకు నడిచి వెళ్తానని మొక్కుకున్నాను. శంషాబాద్, హయత్‌నగర్, చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా మూడు వందల కిలోమీటర్లు పైబడిన దారి. 1858 ఫిబ్రవరి 11న లూర్దులో మరియమాత తొలిసారి దర్శనమిచ్చిన రోజును పురస్కరించుకుని గుణదలలో ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు జరుగుతాయి గదా. పదకొండో తేదీ ఉదయం దివ్యబలిపూజకు కొండ దగ్గర ఉండాలి. ఇదే నా లెక్క. మా విచారణలోని ఒక కుర్రవాడు సైకిలు మీద నా మూటలు వేసుకుని తోడు వచ్చాడు. అతనికి మొక్కేమీ లేదు. పెద్దాయన ఒంటరిగా పోతున్నాడని వచ్చాడు, అంతే.

ఇంగ్లండులో ఇంచుమించు ఇంతే దూరం గల బాట ఒకటి ఉంది. పడమటి తీరాన సౌత్‌పోర్ట్ నుంచి తూర్పు తీరాన హార్న్‌సీ దాకా, సముద్రం నుంచి సముద్రం వరకు, 215 మైళ్లు. పేరు ట్రాన్స్ పెన్నైన్ ట్రెయిల్. రైళ్లు ఆగిపోయిన పాత పట్టాల దారులనూ కాలువ గట్లనూ కలిపి, నడిచేవారి కోసం, సైకిళ్లవారి కోసం సిద్ధం చేసి 2001లో ప్రారంభించారు. చాలామేరకు మోటారు బండ్ల బాధ లేని దారి. మనకు అలాంటి బాట లేదు. మన యాత్రికుడు నడిచేది లారీల పక్కన, కల్లాల పక్కన, కూరగాయల గంపల పక్కన. అంటే ఇతరుల పనిదినం మధ్యలోంచి నడుస్తాడన్నమాట. మేలూ అక్కడే ఉంది, పరీక్షా అక్కడే ఉంది.

దారి పొడవునా జనం మమ్మల్ని ఆదుకున్న తీరు చెబితే మీరు నమ్మరు. ఒకచోట మజ్జిగ, ఒకచోట అరుగు మీద చాప, ఒకచోట బొబ్బలకు వేడినీళ్లు. "ఏ కులం, ఏ మతం?" అని అడిగినవారు తక్కువ. "ఎంత దూరం పోతున్నరు?" అని అడిగినవారే ఎక్కువ. ఇదంతా మొక్కుకు దేవుడిచ్చిన ఫలం అనుకుని పుచ్చుకుంటూ పోయాను.

చివరి రోజు తెల్లవారుజామున ఇబ్రహీంపట్నం దాటాం. కొండ ఇంకా ఇరవై కిలోమీటర్లుంటుంది. రోడ్డు పక్కన ఒక ముసలమ్మ ఆకుకూరల గంప దించుకుని కూర్చుంది. "బాబూ, కాస్త ఈ గంప తలకెత్తి పోదురూ" అంది. బరువు దించుకోవడానికి ఒక్కరు చాలు, ఎత్తుకోవడానికి ఇంకొకరు కావాలి. పల్లెటూరి వారికిది కొత్త కాదు. నాకూ తెలుసు. అయినా చేతిలోని జపమాల వైపు చూసుకుంటూ, వినబడనట్టే నాలుగడుగులు ముందుకు వేశాను.

వెనక సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. కుర్రవాడు గంప ఎత్తబోయి ఆగాడు. ఆమె కాలు వాచి ఉంది. నా మూటలు కిందికి దించి, గంప సైకిలు మీద పెట్టాడు. "మీరు ఈ రాయి మీద కూసోండి సార్, అవ్వను బజారుల దింపి వస్త" అన్నాడు. బజారు మేము దాటి వచ్చిన ఇబ్రహీంపట్నంలోనే ఉంది. అంటే వెనక్కి! ఆమె కుంటుతూ నడుస్తుంటే సైకిలు పట్టుకుని పక్కన నడిచాడు. వాళ్లు వెళ్లిన దారి చూస్తూ గంటకు పైగా కూర్చున్నాను. జపమాల చేతిలోనే ఉంది, నోట ప్రార్థన లేదు. ఉన్నదంతా కోపం.

మేము కొండ చేరేసరికి పూజ ముగిసి జనం దిగి వస్తున్నారు. "పూజ పోయింది గదరా" అన్నాను. "ఎవరన్న ఎత్తకుంటె ఆమె ఆడ్నే కూసుంటది గద సార్" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

చదువరీ, నా మొక్కు తీరినట్టా, తీరనట్టా? మొక్కుకున్న నేను పూజకు అందలేదు. మొక్కులేని కుర్రవాడు పూజ చేసినట్టే చేశాడు. లూకా సువార్తలోని యాజకుణ్ణి చిన్నప్పటి నుంచీ తిట్టుకుంటూ వచ్చాను. అతడు యెరూషలేము నుంచి దిగి వస్తూ పక్కగా తొలగిపోయాడు. నేను పుణ్యక్షేత్రానికి వెళ్తూ తొలగిపోయాను. తేడా దిక్కులోనే.

"అలాగైతే అడిగిన ప్రతివారి కోసం ఆగుతూ పోతే గమ్యం ఎప్పుడు చేరతాం?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. గమ్యం లేకపోతే గడపే దాటం. దాటకపోతే ఆ ముసలమ్మ ఎదురయ్యేదే కాదు. కాబట్టి మొక్కు తప్పు కాదు. మన ప్రాంతానికి నడక కొత్తా కాదు. 2003 ఏప్రిల్ 9న మన పక్క చేవెళ్ల నుంచి బయలుదేరిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచి జూన్ 15న ఇచ్ఛాపురంలో ఆగారు. రాజకీయం మాట అలా ఉంచండి. 1951లో వినోబా భావే వార్ధా దగ్గరి పౌనార్ నుంచి హైదరాబాదు చెంత శివరాంపల్లికి సర్వోదయ సమ్మేళనం కోసం నడిచి వచ్చారు. నేను నగరంలోకి వెళ్లిన దారికి దగ్గరి ఊరే అది. సమ్మేళనం ముగిశాక ఆయన తెలంగాణ పల్లెలు తిరుగుతూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అక్కడి దళితులు బతకడానికి 80 ఎకరాలు కావాలన్నారు. ఆ మాట విని ఆయన దాటిపోలేదు, ఊరి వారి ముందు పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం ఆయన ఇంటి నుంచి మూటగట్టుకుని వచ్చిన పథకం కాదు. దారిలో ఒకరు అడిగితే విన్నందువల్ల పుట్టింది.

వేగానికి ఈ వినికిడి ఉండదు. 2024 డిసెంబరులో చేవెళ్ల దగ్గర ఆలూరులో రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవారి మీదికి లారీ దూసుకుపోయి కొందరి ప్రాణాలు తీసింది. ఆ కబురు విన్ననాడు నాకు ఇబ్రహీంపట్నం గంపే గుర్తొచ్చింది. నేను లారీ నడపలేదు, నిజమే. కానీ గంప పక్కన కూర్చున్న మనిషి కంటికి ఆనకుండా పోవడానికి కాలినడక వేగం కూడా సరిపోతుందని నాకు తెలుసు.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దారిలో వెళ్లినవారు అక్కడి మర్రిచెట్లను చూసే ఉంటారు. వాటిని నాటినవారికి ఆ నీడన నడవబోయే నేనెవరో తెలియదు. మజ్జిగ పోసిన తల్లికీ తెలియదు. వాళ్లందరూ తమ తమ మొక్కుల తొందరలో ఉండి ఉంటే నేను శంషాబాదు దాటేవాణ్ణే కాదు. పదకొండు రోజులు పుచ్చుకున్న అప్పును పన్నెండో రోజు ఒక్క గంప బరువుతో తీర్చమంటే నాకు చేతకాలేదు.

గుణదలలో ఎవరి పాదాల దగ్గరికి వెళ్లానో ఆ తల్లి కూడా ఒకసారి కొండసీమకు త్వరత్వరగా నడిచి వెళ్లింది. గర్భవతిగా ఉన్న ఎలిశబెతమ్మ ఇంటికి. కాబట్టి తొందర పాపం కాదు. మనిషి దగ్గరకు పోయే తొందర ఒకటి, మనిషిని దాటిపోయే తొందర ఒకటి. బయలుదేరేముందు మన తొందర ఏదో అడిగి చూసుకుందాం. ఈ ఏడు గుణదలకో, మరో క్షేత్రానికో నడిచేవారికి నా మనవి ఒక్కటే: లెక్కలో ఒక పూట ఎక్కువ వేసుకోండి. ఆ పూట దారిది.